చెంగమ్మ స్పెల్లింగు

నేను అంబత్తూరు ఎస్టేటులో ఉద్యోగంలో చేరింది తొంభై ఆరు ఆగస్టులో. వాల్వులు తయారు చేసే కంపెనీ. రెండు షెడ్లు, నూట ఇరవై మంది పనివాళ్ళు, ముందువైపు చిన్న ఆఫీసు. మద్రాసు చెన్నైగా మారుతున్న రోజులవి. ఎస్టేటు రోడ్డు మీద కొన్ని బోర్డులు పాత పేరుతో, కొన్ని కొత్త పేరుతో ఉండేవి. మాది తణుకు. ఇంజినీరింగ్ పూర్తయి ఏడాది కూడా కాలేదు.

యజమాని గోపాలస్వామిగారు. తాతల కాలంలోనే వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబం. మొదటి రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని సంగతి చెప్పారు.

"ఇదో చూడప్పా శరత్‌చంద్రా, బయటి దేశాలకు మాలు పంపాలంటే ఐఎస్‌ఓ సర్టిఫికెట్ కావాలంటా ఉండారు. నవంబర్‌లో ఆడిటర్ వస్తాడు. ఆ కాగితాల పనంతా నీదే. ముందు పోయి స్టోర్సు చూడు. ఆ లేబుళ్ళు బయటోళ్ళు చూసినారంటే మన మానం పోతాది."

స్టోర్సు రెండో షెడ్డు వెనక ఉంది. పొడవాటి గది, ఇనప ర్యాకులు, వాటి నిండా ఆకుపచ్చ రంగు రేకు పెట్టెలు. ఒక్కో పెట్టెకీ ఒక అట్టముక్క. దాని మీద నల్ల రంగుతో, కుంచెతో రాసిన ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. నేను చదివిన మొదటి లేబులు: బి, యు, ఎక్స్. అర్థం కాక పెట్టెలో చెయ్యి పెడితే బుష్‌లు తగిలాయి. పక్క పెట్టె మీద సి, ఏ, కె. అందులో డ్రిల్లింగ్ మిషన్ చక్‌లు. పైకే నవ్వేశాను.

స్కూల్లో స్పెల్లింగు పోటీలో నాకు వరసగా మూడేళ్ళు ప్రైజు వచ్చింది. ఒక్క అక్షరం తప్పితే వంద సార్లు రాయించే మాస్టారి దగ్గర చదువుకున్నాను. ఎక్కడైనా తప్పు స్పెల్లింగు కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టుండేది. అలాంటిది ఇక్కడ గది నిండా రాళ్ళే.

కౌంటరు వెనక ఒకావిడ కూర్చుని రిజిస్టరు రాసుకుంటోంది. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు కాలు విరిగితే దారంతో కట్టుకుంది. పేరు చెంగమ్మ. తొండియార్‌పేట నుంచి రెండు బస్సులు మారి వస్తుందని, పద్దెనిమిదేళ్ళ క్రితం ఊడ్చే పనిలో చేరి స్టోర్సులోకి వచ్చిందని తరవాత తెలిసింది.

"చెంగమ్మగారూ, ఈ లేబుళ్ళు ఎవరు రాశారండీ?"

'గారూ' అన్నందుకు ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "నేనేదా సార్" అంది, 'నేనే' అనడానికి తమిళంలోలా 'దా' చేర్చి.

"ఎంతవరకు చదువుకున్నారు?"

"అయిదో క్లాసు. మా పేటలో కార్పొరేషన్ స్కూలు, తెలుగు మీడియం."

"ఇవన్నీ తప్పులండీ. మార్చాలి."

"అన్నీనా సార్?"

"దాదాపు అన్నీ."

ఆవిడ ర్యాకుల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. కోపం లేదు. "సరి, మార్చండి సార్. ఆ పాత అట్టలు మాత్రం నాకియ్యండి" అంది.

రెండు నెలలు మిగతా కాగితాల పనితో గడిచాయి. అక్టోబరు చివర ఒక శని, ఆదివారాలు కూర్చుని పదకొండు వందల నలభై లేబుళ్ళు కంప్యూటర్లో కొట్టి, ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి అంటించాను. డిక్షనరీ వరస ప్రకారం పెట్టెలన్నీ సర్దించాను. ఆదివారం సాయంత్రం గుమ్మంలో నిలబడి చూసుకుంటే కడుపు నిండినట్టయింది.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి స్టోర్సులో జాతరలా ఉంది. మా దగ్గర ఫిట్టర్లే లోపలికి వెళ్ళి కావలసినది తీసుకుంటారు, చెంగమ్మ రాసుకుంటుంది. ఆ రోజు ఇరవై మంది తలలు పైకెత్తి ర్యాకుల మధ్య తిరుగుతున్నారు. అసెంబ్లీ ఫోర్‌మన్ కన్నియప్పన్, ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్నవాడు, ఎఫ్ వరస ముందు నిలబడి ఉన్నాడు.

"ఫాస్ఫర్ బ్రాంజ్ బుష్ కావాలి సార్" అన్నాడు తమిళంలో.

"ఇక్కడ కాదు, పి దగ్గర ఉంటుంది."

"ఫా అంటున్నాం కదా సార్? ఫా అంటే ఎఫ్ కాదా?"

నేను వివరించబోయి ఆగిపోయాను. పి పక్కన హెచ్ చేరితే ఎఫ్ అవుతుందని నాకు తెలుసు. ఎందుకవుతుందో తెలియదు.

రెంచ్ కోసం ఆర్ దగ్గర వెతికారు, అది డబ్ల్యూ దగ్గర ఉంది. గాలి గొట్టాల న్యుమాటిక్ సామాను ఎన్ దగ్గర వెతికారు, అది పి దగ్గర ఉంది. పావుగంటలో ముగిసే పని మధ్యాహ్నం దాకా సాగింది. గురువారం నాడు ఎవరో తప్పు గ్యాస్కెట్ తీసుకెళ్ళి బిగిస్తే టెస్ట్ బెంచ్ మీద నీళ్ళు చిమ్మి పక్కనున్న నలుగురూ తడిసి ముద్దయ్యారు. గోపాలస్వామిగారు నన్ను పిలిచి, "ఏమప్పా, స్పెల్లింగు కరెక్టు చేయమంటే ఫ్యాక్టరీని నిలబెట్టినావే" అన్నారు.

ఆ మధ్యాహ్నం స్టోర్సుకి వెళ్ళి చెంగమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను.

"ఇంతకు ముందు వీళ్ళు ఎలా వెతుక్కునేవారు?"

"ఏముండాది సార్, నోట్లో అనుకుంటా పోయేది. ఏ సౌండు ముందొస్తే ఆడికి పోవాల. దాని తరవాత ఏదొస్తే దాని దగ్గరికి. పేరు పలికినోడికి పెట్టె దొరుకుతాది."

"మీ లేబుళ్ళు వాళ్ళకి అలవాటైపోయాయి, అంతే కదా?"

చెంగమ్మ తల అడ్డంగా ఊపింది. "అలవాటు కాదు సార్. మీరు ఏదన్నా చెప్పండి, ఈడ ఎవురూ ఎప్పుడూ విననిది. నేను రాస్తా. పోయి కన్నియప్పన్‌కి చూపియ్యండి."

తలుపు దగ్గరగా వేశాను. ఎందుకో గొంతు కూడా తగ్గించాను. నన్ను చిన్నప్పుడు ఏడిపించిన మాటలనే ఏరుకున్నాను. కర్నల్. రిథమ్. సైకాలజీ. షాంపేన్. ఒక్కోటి రెండుసార్లు చెప్పించుకుంది. చెబుతున్నప్పుడు నా కళ్ళలోకి కాక పెదవుల వైపు చూసింది. తరవాత ఎక్కడా ఆగకుండా, కొట్టివేత లేకుండా నాలుగు అట్టల మీద రాసిచ్చింది. వాటిని చూస్తే నాకే ఏ మాట ఏదో తెలియలేదు.

కన్నియప్పన్ బెంచి దగ్గర ఆకురాయి పట్టుకుని ఉన్నాడు. చేతులు గుడ్డతో తుడుచుకుని మొదటి అట్ట అందుకున్నాడు.

"కర్నల్" అన్నాడు. "అంటే ఏంటి సార్?"

నేను రెండోది ఇచ్చాను. "రిథమ్." మూడోది. "సైకాలజీ." ఆ చివరి 'జీ'ని మా గోదావరి జిల్లా అలవాటు ప్రకారం నేను కొంచెం సాగదీసి పలికాను. కన్నియప్పన్ నోట కూడా అది అంతే సాగింది. ఆయన ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు. గోడ అవతల, మూసిన తలుపు వెనక నేను అన్నది, అన్నట్టుగానే, అట్టముక్క మీద కూర్చుని ఇక్కడికి వచ్చి ఆయన గొంతులోంచి మళ్ళీ పలికింది. నాలుగో అట్ట ఇవ్వడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి చెంగమ్మ పాత రిజిస్టరు ఒకటి తీసి పెట్టింది. చివరి పేజీల్లో గళ్ళు గీసి ఉన్నాయి. ప్రతి గడిలోనూ పైన తెలుగు అక్షరం, కింద ఇంగ్లీషు అక్షరం. అ కింద ఒక ఏ, ఆ కింద రెండు. ఇ కింద ఒక ఐ, ఈ కింద రెండు.

"పొట్టి దానికి ఒకటి, పొడుగు దానికి రెండు" అంది. "గుణింతం మాదిరే సార్."

స్టీల్, కీ, గ్రీజు, సీల్, పీస్. ఈ అయిదు మాటల్లోని 'ఈ' శబ్దాన్ని డిక్షనరీలో నాలుగు రకాలుగా రాస్తారు. చెంగమ్మ దగ్గర అయిదింటికీ రెండు ఐలు. ట్యాప్, క్లాంప్ లాంటి మాటల్లో మనం య ఒత్తు పెట్టేచోట వై పెట్టింది.

"మరి బుష్‌కి ఎక్స్ ఎందుకు?"

ఆవిడ ముందుకు వంగింది. నెమ్మదిగా, వంటింటి రహస్యం చెబుతున్నట్టు చెప్పింది. "చూడండి సార్. కె ఉండాది, ఎస్ ఉండాది. సి దేనికి? ఒకసారి కె పని చేస్తాది, ఒకసారి ఎస్ పని. దానికంటూ సొంత పని లేదు. క్యూ కూడా అంతే. ఎక్సూ అంతే. మూడూ చుమ్మా, ఊరికే కూర్చోనుండాయి. ఇంకోపక్క చూస్తే చ, ష, థ, ఈ మూడింటికీ అచ్చరం లేక రెండేసి అతికిస్తా ఉండారు. అందుకని సి ని చ కి పెట్టినా, ఎక్స్‌ని ష కి, క్యూని థ కి. సరిపోయినాయి."

"డబ్ల్యూ ఏమైంది?"

"వ కి వి చాలు కదా సార్. డబ్ల్యూ కాళీగా పెట్టినా. ఎప్పుడన్నా కొత్త సౌండు వస్తే కావాల."

ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టారని అడిగాను. ఎనభై మూడులో స్టోర్సుకి మార్చినప్పుడట. ఫిట్టర్లలో తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, ఇద్దరు బీహారువాళ్ళు. సామాన్లన్నిటికీ ఇంగ్లీషు పేర్లే. తమిళంలో ప కీ బ కీ ఒకటే అక్షరం, రాస్తే పిన్ను, బిన్ను ఒకే మాదిరి కనిపించేవి. తెలుగులో రాస్తే సగం మందికి రాదు. ఏబీసీడీలు మాత్రం అందరికీ వచ్చు. అందుకని వాటినే పట్టుకుంది. రోజూ బస్సులో గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఒక్కో పేరు మెల్లగా పలికి, ఏ శబ్దం ఎక్కడ ఆగుతోందో చూసేదట. పక్కన కూర్చున్నవాళ్ళు గొంతు నొప్పా అని అడిగేవారట. గళ్ళన్నీ నిండడానికి మూడేళ్ళు పట్టింది.

గళ్ళు లెక్కపెట్టాను. ముప్పై మూడు. రూముకి వెళ్ళి కాలేజీలో కొన్న డిక్షనరీ ముందు పేజీలు తీశాను. ఇంగ్లీషు శబ్దాలు నలభై నాలుగని పట్టిక ఇచ్చారు. ఎంతమంది పండితులు ఎన్నేళ్ళు కూర్చుని వేసిన పట్టికో అది. చెంగమ్మ గళ్ళతో పోల్చుకుంటూ పోయాను. ఆవిడ వదిలేసినవి ఒక్కొక్కటీ పైకి పలికి చూశాను. అన్నీ మా షెడ్డులో ఎవరి నోటా వినబడనివే. వినబడేవాటిలో ఒక్కటీ జారిపోలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో నాకు వచ్చిన ఇంగ్లీషంతా బట్టీ పట్టిన ఇంగ్లీషని, ఆ భాష లోపల ఏముందో నేను ఒక్కసారీ వినలేదని ఆ మంచం మీద కూర్చుని తెలుసుకున్నాను.

మర్నాడు గోపాలస్వామిగారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, పాత లేబుళ్ళే మళ్ళీ పెడదామండీ."

"తిక్క పట్టిందా నీకు? ఆడిటర్ నవ్వడా?"

"ఐఎస్‌ఓ పుస్తకం మూడుసార్లు చదివాను. చేసేది రాయమంటోంది, రాసింది చేయమంటోంది. డిక్షనరీ మాట ఎక్కడా లేదు. చెంగమ్మగారి పట్టికని మనం డాక్యుమెంటుగా పెడదాం. నంబరు వేద్దాం. లేబుళ్ళు దాని ప్రకారం ఉంటే చాలు."

ఆయన చాలాసేపు టేబుల్ మీద వేలితో తట్టారు. బయట కన్నియప్పన్ మనుషులు ఇంకా ర్యాకుల దగ్గరే ఉన్నారు. "మానం పోతే నువ్వేదా పూచీ" అన్నారు చివరికి.

చెంగమ్మ దాచిన పాత అట్టలు మళ్ళీ పెట్టించి, పెట్టెలని పాత వరసలో సర్దించి, పట్టికని శుభ్రంగా గీయించాను. కింద 'తయారు చేసినవారు' అన్నచోట సంతకం కావాలి. చెంగమ్మ పెన్ను పట్టుకుని ఆగిపోయింది. జీతం కాగితం మీద ఎప్పుడూ తెలుగులోనే సంతకం చేసేది. రేషన్ కార్డులో ఆవిడ పేరు ఒక రకంగా, పీఎఫ్ కాగితంలో ఇంకో రకంగా రాసిపెట్టారట. ఆ రెండూ నచ్చలేదు.

"నా పద్ధతిలో రాయొచ్చునా సార్?"

"మీ డాక్యుమెంటే కదండీ."

సి తో మొదలుపెట్టి తన పేరు రాసుకుంది. హెచ్ లేదు. రాసి, వేలు పెట్టి ఒక్కో అక్షరం పలుకుతూ చదువుకుంది. "అవును, నేనేదా" అంది.

ఆడిటర్ నాగలింగంగారు పెరంబూరులో ఉండేవారు. రైల్వేలో ఇంజినీరుగా రిటైరైన మనిషి. నుదుట విభూతి, చేతిలో గట్టి అట్ట, మాటల్లో పొదుపు. స్టోర్సులో అడుగు పెట్టగానే మొదటి లేబులు దగ్గర ఆగారు. నేను పట్టిక అందించాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని చదవడం మొదలుపెట్టారు. పావుగంట దాకా తల ఎత్తలేదు. గోపాలస్వామిగారు గుమ్మంలో నిలబడి చొక్కా కాలరు సర్దుకుంటూనే ఉన్నారు.

తరవాత నాగలింగంగారు లేచి, పట్టిక చేతిలో పట్టుకుని మొదటి ర్యాకు నుంచి ఒక్కో లేబులూ పెదవులు కదుపుతూ చదువుకుంటూ వెళ్ళారు. నాలుగు లేబుళ్ళు చూసి వెళ్ళిపోతారనుకున్నాను. రెండు గంటల పైన పట్టింది. టీ తెస్తే చల్లారిపోయింది. చివరి ర్యాకు దగ్గర పై వరసలో ఆగి, మెడ సాచి చూసి, నన్ను పిలిచారు.

"ఇది మీ పద్ధతి ప్రకారం లేదు."

నిచ్చెన వేసుకుని చూశాను. పైప్ రెంచ్‌ల పెట్టె. దాని మీద 'రెంచ్, పైప్' అని డబ్ల్యూతో మొదలయ్యే లేబులు. ప్లాస్టిక్ కవరులో, కంప్యూటరు అక్షరాలతో, డిక్షనరీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా నేను కొట్టినది. తీయడం మరిచిపోయాను.

ఆయన గట్టి అట్ట మీద కాగితం పెట్టి రాసుకున్నారు: ఒక లేబులు స్పెల్లింగు సంస్థ నిర్ణయించిన పద్ధతికి విరుద్ధంగా ఉంది, సరిచేయవలెను. పదకొండు వందల నలభైలో దొరికిన తప్పు అదొక్కటే.

చెంగమ్మ కౌంటరు వెనక నుంచి లేచి వచ్చింది. "నా తప్పా సార్?"

"మీది కాదండీ, నాది" అన్నాను.

నాగలింగంగారు ఆవిడ వైపు తిరిగారు. తమిళంలో, చాలా మర్యాదగా అన్నారు. "నలభై ఏళ్ళు రైల్వేలో ఇంగ్లీషులోనే రిపోర్టులు రాశానమ్మా. ఇప్పటికీ మెయింటెనెన్స్ అని రాయాలంటే మధ్యలో ఒక్క క్షణం ఆగుతాను. నువ్వు ఎప్పుడైనా ఆగుతావా?"

"ఎందుకు ఆగాల సార్?" అంది చెంగమ్మ, నిజంగానే అర్థం కాక.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి జేబు రుమాలుతో తుడుచుకుని, వెళ్ళే ముందు పట్టిక కాపీ ఒకటి అడిగి తీసుకున్నారు.

డిసెంబరులో సర్టిఫికెట్ వచ్చింది. గోపాలస్వామిగారు దానికి ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టారు. ఎవరైనా వస్తే ముందు దాన్ని చూపించి, తరవాత స్టోర్సుకి తీసుకెళ్ళేవారు.

జనవరిలో ప్యాకింగ్ సెక్షన్‌కి కొత్త కత్తులు వచ్చాయి. డబ్బా మీద అచ్చు వేసిన మాట చూపించి చెంగమ్మ అడిగింది.

"సార్, నైఫ్ అంటారు కదా. ఈ ముందరుండే కె ఏం చేస్తాది?"

"ఏమీ చెయ్యదు. పలకదు."

"అది తెలుసు సార్. నేను అట్టాంటివన్నీ తీసేసినా. అయితే ఒకటి అడగతా ఉండా. అంత పెద్ద భాష కట్టినోళ్ళు, పని లేనిదాన్ని చుమ్మా పెడతారా?"

ఆ శనివారం ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళాను. ఇంగ్లీషు భాష చరిత్ర మీద ఒక లావు పుస్తకం ఇచ్చారు. కిటికీ పక్కన కూర్చుని వెతికితే మూడో అధ్యాయంలో దొరికింది. అయిదారు వందల ఏళ్ళ కిందట ఆ కె పలికేదట. కత్తిని 'క్నీఫ్' అనేవాళ్ళట. రెంచ్ ముందు డబ్ల్యూ కూడా పలికేదే. నైట్ అన్న మాటలో మనం మింగేసే జి, హెచ్‌ల దగ్గర గొంతులోంచి 'ఖ్' లాంటి శబ్దం వచ్చేదట. జనం పలకడం మానేశారు. అచ్చు యంత్రాలు మాత్రం అక్షరాలని అలాగే పట్టుకుని ఉండిపోయాయి. నేను వంద సార్లు రాసిన ప్రతి మూగ అక్షరం వెనకా ఒకప్పుడు మనిషి నోరు కదిలిందని తెలిసి, చెంగమ్మకి చెప్పాలని ఆ పేజీ నోటుబుక్కులో ఎత్తి రాసుకున్నాను.

సోమవారం పొద్దున్నే చెంగమ్మకి ఇదంతా చెప్పాను. కుంచె పక్కన పెట్టి వింది. రెండోసారి చెప్పించుకుంది. నా పెదవులే చూస్తోంది.

"అట్టయితే మొదట రాసినోడు తన చెవికి వినబడిందే రాసినాడా సార్?"

"అవునండీ. మీలాగే."

"ఏ ఊరోడో, ఎప్పటోడో" అంది. "నేను వాళ్ళని తెలివి లేనోళ్ళు అనుకున్నా ఇన్నేళ్ళూ."

"లేబులు మారుద్దామా మరి? కె పెడదామా?"

"వద్దు సార్. ఇప్పుడు ఎవురు అట్టా పలకతా ఉండారు?"

అట్టముక్క మీద ఎన్‌తో మొదలుపెట్టి రాసి, ఆరడానికి కిటికీలో పెట్టింది. తరవాత గొంతు మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుని, "క్నీఫ్" అంది. మళ్ళీ అంది. మూడోసారి అంటుండగా కన్నియప్పన్ కౌంటరు దగ్గరికి వచ్చి ఆగాడు. చెంగమ్మ కళ్ళు తెరవలేదు. ఆయన కూడా తొందర పెట్టకుండా, ఆవిడ ముగించేదాకా అక్కడే నిలబడ్డాడు.